టెక్ సందేహాలు: నాటకం మధ్యలో టాబ్లెట్ చేతులెత్తేస్తే?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర చిన్న నాటక సమాజం. పరిషత్తులకీ తిరునాళ్లకీ తిరుగుతుంటాం. ప్రతిచోటా మైక్ సెట్ వాళ్లని బతిమాలుకోలేక టాబ్లెట్‌తో నడిచే డిజిటల్ మిక్సర్ (అన్ని మైకుల సౌండూ కలిపి, హెచ్చుతగ్గులు సర్దే డబ్బా) కొందామనుకుంటున్నాం. 12 ఛానెళ్లది చాలా, 16ది తీసుకోవాలా?

16దే తీసుకోండి. స్టేజీ ముందు నాలుగు మైకులు, ముఖ్య పాత్రలకి నాలుగు కాలర్ మైకులు, హార్మోనియానికి ఒకటి, తబలాకి రెండు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వేసే లాప్‌టాప్‌కి స్టీరియో కాబట్టి రెండు, అక్కడికే 13 అయిపోయాయి. డబ్బా మీద అంకె చూసి మాత్రం కొనకండి, 12 అని రాసుండి మైక్ ప్రీఆంప్‌లు, అంటే మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ని పెంచేవి, నాలుగే ఉన్న మోడళ్లున్నాయి, మిగతావన్నీ లాప్‌టాప్ లాంటివి తగిలించే లైన్ ఇన్‌పుట్లే. స్టేజీ ముందు కండెన్సర్ మైకులు పెట్టేట్టయితే వాటికి మిక్సర్ నుంచి మైకు కేబుల్లోనే వెళ్లాల్సిన కరెంటు, అంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్, ఏ ఛానెల్‌కి ఆ ఛానెల్ విడిగా ఆన్ చేసుకునే వీలుందో లేదో కూడా అడగండి.

ఛానెళ్ల గొడవ అంతే. నాకు ఈ మిక్సర్ల గురించి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ వేరే బాధే, "రిహార్సల్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది, నాటకం మొదలయ్యాక టాబ్లెట్ డిస్‌కనెక్ట్ అయిపోయింది" అని. అలా అయితే ముందు కంగారు పడకండి, మిక్సర్ ఆఫ్ చేసి ఆన్ చేయకండి. సౌండ్ వైఫైలో పోదు, అది డబ్బాలోనే తయారై కేబుల్లో పోతుంది, టాబ్లెట్ ఉత్త రిమోటే. కనెక్షన్ పోయినా ఆఖరి సెట్టింగుల మీద మైకులు పలుకుతూనే ఉంటాయి. మీరు రీస్టార్ట్ కొట్టారంటే మాత్రం అది మళ్లీ లేచేదాకా స్టేజీ మొత్తం మూగే.

కారణం చాలాసార్లు మిక్సర్లో ఇచ్చిన బుల్లి వైఫై. చాలావాటిల్లో అది 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది. మధ్యాహ్నం ఖాళీ హాల్లో చక్కగా అందుతుంది, సాయంత్రం జనం నిండాక ప్రతి జేబులో ఒక ఫోను, సగం మంది హాట్‌స్పాట్లు ఆన్‌లో, పైగా మనిషి ఒంట్లో ఉన్న నీరు ఆ సిగ్నల్ని పీల్చేస్తుంది. చవక వైర్‌లెస్ కాలర్ మైకులు చాలా వరకు ఇదే బ్యాండ్‌లో ఉంటాయి, అంటే మీ మైకులే మీ మిక్సర్‌కి అడ్డం. అందుకని లాన్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే సాకెట్) లేని మిక్సర్ అసలు కొనొద్దు. ఆ పోర్టుకి విడిగా ఒక 5 గిగాహెర్ట్జ్ రూటర్ తగిలించి, వైఫై ఛానెల్ ఆటోలో వదలకుండా 36 నుంచి 48 లోపు ఒకటి ఫిక్స్ చేసి, రూటర్ని జనం తలల కంటే ఎత్తులో స్టాండుకి కట్టండి. ఇనప ర్యాక్‌లో పెట్టి తలుపు మూసేసి సిగ్నల్ రావట్లేదంటే ఎవరేం చేస్తారు? ఇంకోటి, ఈ రూటర్‌లో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి టాబ్లెట్ తెలివి ఉపయోగించి మొబైల్ డేటాకో ఇంకో వైఫైకో దూకేస్తుంది. ఆ ఆటో స్విచ్ ఆఫ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేయండి.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే భయపెట్టే సంగతి. ఈ మిక్సర్లలో చాలావాటి నెట్‌వర్క్ ఫ్యాక్టరీ నుంచి తలుపులు తీసే వస్తుంది, పాస్‌వర్డ్ ఉండదు, ఉన్నా మాన్యువల్లో అచ్చేసిందే, అదే మోడల్ కొన్న అందరికీ ఒకటే. యాప్ ఫ్రీ, ఎవరైనా దించుకోవచ్చు. నెట్‌వర్క్‌లోకి వస్తే చాలు, యాప్ తనే మిక్సర్ని వెతికి పేరు చూపిస్తుంది, నొక్కితే మొత్తం చేతికి వచ్చేస్తుంది, చిన్న మోడళ్లలో లాగిన్ అని అడిగేవి తక్కువ. కావాలని చెడగొట్టేవాడే రానక్కర్లేదు. ఒక పాఠకుడు రాశారు, పరిషత్తులో వీళ్ల నాటకం నడుస్తోంది, తర్వాత ఆడాల్సిన సమాజం గ్రీన్‌రూంలో ఉంది, ఇద్దరిదీ ఒకే మోడల్ మిక్సర్, ఇద్దరూ నెట్‌వర్క్ పేరు మార్చలేదు. అవతలి కుర్రాడు తమదే అనుకుని కనెక్టయి, తన సీన్, అంటే మిక్సర్లో దాచుకున్న మొత్తం సెట్టింగులు, లోడ్ చేశాడు. ఇక్కడ స్టేజీ మీద పద్యం ఎత్తుకున్నాయన రెండో పాదంలో ఉండగా మైకు కట్, పక్కనున్న మైకు కూత. ఏడాదంతా సాధన చేసి వచ్చిన మనిషికి ఆ పద్యం మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఎవరిస్తారు? ఇది తయారీదారులు సిగ్గుపడాల్సిన డిజైన్. మొదటిసారి ఆన్ చేయగానే పాస్‌వర్డ్ మార్చేదాకా ముందుకు పోనివ్వకూడదు, అంత చిన్న పని.

వాళ్లు చేయలేదు కాబట్టి మీరు చేసుకోండి. నెట్‌వర్క్ పేరు మార్చండి, వైఫై సెక్యూరిటీ సెట్టింగులో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టి పొడుగాటి పాస్‌వర్డ్ ఇవ్వండి, పాస్‌వర్డ్ కొట్టకుండానే కనెక్ట్ చేసే డబ్ల్యూపీఎస్ ఆఫ్ చేయండి, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. పేరు దాచేస్తే చాలనుకునేవాళ్లున్నారు, అది రక్షణ కాదు. ఇంత చేసి చివరికి ప్లాస్టర్ ముక్క మీద స్కెచ్ పెన్నుతో పాస్‌వర్డ్ రాసి మిక్సర్ నెత్తిన అంటిస్తారు, స్టేజీ ఎక్కిన ప్రతివాడికీ కనపడేట్టు! దయచేసి ఆ అలవాటు మానండి. సమాజంలోంచి ఎవరైనా వెళ్లిపోతే పాస్‌వర్డ్ మార్చండి, వాళ్ల మీద అనుమానంతో కాదు, వాళ్ల పాత ఫోను ఎవరి చేతిలో పడుతుందో తెలీదు కాబట్టి.

అసలు ఈ టచ్ స్క్రీన్ పిచ్చి మీదే నాకు కోపం. లోహపు డబ్బా పదేళ్లు ఉంటుంది, దాన్ని నడిపే యాప్‌కి ఆ భరోసా లేదు. టాబ్లెట్‌కి అప్‌డేట్ వచ్చిన మర్నాడు యాప్ తెరుచుకోదు, లేదా యాప్ అప్‌డేట్ అయ్యి "మిక్సర్ ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) పాతది" అని మొండికేస్తుంది, అదీ ఊళ్లో నెట్ అందని తిరునాళ్లలో. ఆటో అప్‌డేట్లు ఆఫ్ చేసి, అప్‌డేట్ ఏదైనా నాటకాలు లేని వారంలో చేసి, అంతకుముందే మీ సీన్లన్నీ యూఎస్‌బీలోకి కాపీ తీసుకోండి. యాప్ లేకుండా బ్రౌజర్‌లో తెరుచుకునే మిక్సర్లు కూడా ఉన్నాయి, నా ఓటు వాటికే, ఏ ఫోనైనా ఏ లాప్‌టాప్‌అయినా పనికొస్తుంది. డబ్బా మీద కనీసం ఒక్క మ్యూట్ బటన్ ఉంటే ఇంకా మంచిది, మైకు కూత పెట్టినప్పుడు స్క్రీన్ అన్‌లాక్ చేసి పేజీ వెతికే టైం ఉండదు.

కొనేటప్పుడు షాపులో పాట ప్లే చేయించి, మధ్యలో టాబ్లెట్ ఆఫ్ చేయించండి, సౌండ్ ఆగకూడదు. తర్వాత లాన్ కేబుల్‌తో లాప్‌టాప్ తగిలించి అదే పాట వాల్యూమ్ తగ్గించి చూపించమనండి. చూపించలేకపోతే ఆ మోడల్ ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.