2 అంగుళాల లిఫ్ట్‌కి ఏ షాకులు? కొనేముందు రెండు కొలతలు తీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: బండికి 2 అంగుళాల లిఫ్ట్ స్ప్రింగులు, అంటే బండిని అంత ఎత్తు లేపే స్ప్రింగులు వేయించారు. పాత షాక్ అబ్జార్బర్లే ఉంచాలా, లేక ఎలాగూ డబ్బు పెడుతున్నాం కదా అని 4 అంగుళాల లిఫ్ట్ కోసం చేసిన పొడుగు షాకులు కొనాలా? నేను మొదట అదీ చేశాను, తర్వాత ఇదీ చేశాను. రెండుసార్లూ నష్టపోయాను. మూడోసారి కొలిచి కొన్నాను. నాలుగేళ్లుగా అవే నడుస్తున్నాయి.

నా బండికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసులు. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. ముందు వైపు అంకెలు చెబుతాను, వాటితో విషయం త్వరగా బోధపడుతుంది. బండి సమతలం మీద నిలబడి ఉన్నప్పుడు షాకు పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య వరకు 17 అంగుళాలు ఉండేది. కంపెనీ షాకు పూర్తిగా మూసుకుంటే 13, పూర్తిగా సాగితే 21. అంటే చక్రం పైకి లేవడానికి 4 అంగుళాలు, కిందికి వేలాడడానికి 4 అంగుళాలు. లిఫ్ట్ వేశాక ఆ 17 కాస్తా 19 అయింది. షాకు మాత్రం 21 దగ్గరే ఆగిపోతుంది. కిందికి ఉన్న చోటు సగానికి సగం పోయింది.

ఇది రోడ్డు మీద తెలియలేదు. రాళ్ల దారిలో ఒక చక్రం గుంతలోకి జారిన ప్రతిసారీ ముందు నుంచి టక్కుమని చప్పుడు వచ్చేది. బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు) పోయిందనుకుని బుష్‌లు మార్పించాను, చప్పుడు పోలేదు. షాకు లోపల పిస్టన్ పూర్తిగా పైకి వచ్చి రాడ్ గైడ్‌ని, అంటే రాడ్ బయటికి వచ్చే చోట ఉండే మూతని కొట్టడమే ఆ చప్పుడు. యాక్సిల్ బరువూ చక్రం బరువూ మొత్తం ఆ సన్నటి రాడ్‌కి వేలాడుతున్నాయన్నమాట. కొన్ని నెలలకే సీల్ పోయి నూనె కారడం మొదలైంది. గుంతలో చక్రం నేలని వదిలేయడం మరో బాధ. పట్టు కావాల్సిన చోటే పట్టు లేకపోయింది.

దాంతో పొడుగు షాకులు తెచ్చాను. సాగితే 26, మూసుకుంటే 15.5. చక్రం ఎంత కిందికి జారుతోందో చూసి చాలా సంతోషపడ్డాను. ఒకరోజు కాస్త వేగంగా వాగు గట్టు దిగుతుంటే ముందు భాగం గట్టిగా కూర్చుంది. పెద్ద చప్పుడు. దిగి చూస్తే ఒక వైపు షాకు రాడ్ వంగిపోయింది, యాక్సిల్ మీద షాకు బిగించే బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర చీలింది. అన్నింటికన్నా నాకు బుద్ధి చెప్పింది బంప్ స్టాప్ రబ్బరు, అంటే యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే దిమ్మ. దాని మీద దుమ్ము చెక్కుచెదరలేదు. యాక్సిల్ దాన్ని తాకనే లేదు. నా బండిలో బంప్ స్టాప్ నలిగి యాక్సిల్ ఆగేసరికి బోల్టుల మధ్య దూరం 13.5 అంగుళాలు. నా కొత్త షాకు 15.5 దగ్గరే మూసుకుపోయింది. బంప్ స్టాప్ పని షాకు చేయాల్సి వచ్చింది, అది ఆ దెబ్బకి తయారైన వస్తువు కాదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. షాకు ఎంత ఎక్కువ సాగాలంటే, మూసుకున్నప్పుడు రాడ్ మొత్తం పట్టేలా దాని ఒళ్లు అంత పొడవు ఉండాలి. నేను వాడిన మూడు రకాల్లోనూ మూసుకున్న పొడవు, స్ట్రోక్ (మూసుకున్న పొడవుకీ సాగిన పొడవుకీ తేడా) కంటే 5 అంగుళాలు ఎక్కువే ఉంది. బాగా సాగాలి, బాగా పొట్టిగా మూసుకోవాలి అంటే కుదరదు. అందుకే పెట్టె మీద రాసిన లిఫ్ట్ అంకె చూసి కొనకండి. ఒకే 2 అంగుళాల లిఫ్ట్‌కి బంప్ స్టాప్ ఎత్తుని బట్టి, బ్రాకెట్లు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి వేర్వేరు షాకులు కావాల్సి వస్తాయి.

కొలిచే పద్ధతి చెబుతాను. ఛాసిస్‌ని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి, జాక్ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకండి. యాక్సిల్‌కి జాక్ ఆసరా ఇచ్చి షాకులు విప్పి, మెల్లగా దించి కాయిల్ స్ప్రింగులు తీసేయండి. యాక్సిల్‌ని జాక్‌తో పైకి లేపి, బంప్ స్టాప్ రబ్బరు దాదాపు సగం నలిగే స్థితి దగ్గర బోల్టుల మధ్య దూరం కొలవండి. రబ్బరు తాకగానే ఆపి కొలిస్తే తప్పు, దెబ్బ తగిలినప్పుడు అది ఇంకా నలుగుతుంది. తర్వాత ఒక వైపే పూర్తిగా లేపి, రెండో వైపు దించి మళ్లీ కొలవండి. షాకు బంప్ స్టాప్ కంటే చక్రం వైపు ఉంటే, యాక్సిల్ వాలినప్పుడు అది ఇంకా ఎక్కువ మూసుకోవాల్సి వస్తుంది. రెండింటిలో చిన్న అంకె మీ మొదటి కొలత. మీరు కొనే షాకు మూసుకున్న పొడవు దానికంటే కనీసం అర అంగుళం తక్కువ ఉండాలి.

కిందికి కొలిచేటప్పుడు యాక్సిల్‌ని నెమ్మదిగా దించుతూ బ్రేక్ హోస్ చూడండి, ఏబీఎస్ వైరు చూడండి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కి ఇంజన్ శక్తి చేర్చే కడ్డీ) తిప్పి జాయింట్ పట్టేస్తోందేమో చూడండి. స్ప్రింగ్ విడి పొడవు కూడా కొలిచి ఉంచుకోండి. యాక్సిల్ అంతకన్నా కిందికి దిగితే స్ప్రింగ్ సీటులోంచి జారిపోతుంది. ఇవన్నీ బాగున్న చివరి స్థానమే మీ రెండో కొలత, షాకు సాగిన పొడవు అది దాటకూడదు.

నేను చివరికి తీసుకున్నవి మూసుకుంటే 14, సాగితే 23. అలాగే వేస్తే యాక్సిల్ 13.5 దాకా రాకముందే, 14 దగ్గరే మూసుకుపోయి దెబ్బ తింటాయి కదా, అందుకని బంప్ స్టాప్‌ల కింద అంగుళం స్పేసర్ వేశాను. ఇప్పుడు యాక్సిల్ 14.5 దగ్గర ఆగుతుంది, షాకులో ఇంకా అర అంగుళం మిగిలే ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు షాకుకి పైకి 5, కిందికి 4 అంగుళాలు. ఇటూ అటూ దాదాపు సగం సగం ఉండేలా చూసుకుంటే రోజువారీ ప్రయాణానికీ, రాళ్ల దారికీ రెండింటికీ బాగుంటుంది. పెద్ద టైర్లు వేసి ఉంటే ఈ స్పేసర్ ఫెండర్‌కి టైరు రాసుకోకుండా కూడా కాపాడుతుంది.

పొడవు కుదిరాక గట్టిదనం, అంటే డ్యాంపింగ్: కదలికకి షాకు ఎంత అడ్డుపడుతుందన్నది. లిఫ్ట్ కోసం స్ప్రింగ్ మీద స్పేసర్ మాత్రమే పెట్టి ఉంటే స్ప్రింగ్ మారలేదు కాబట్టి కంపెనీ షాకు లాంటి డ్యాంపింగే చాలు, పొడవు ఒక్కటే మార్చాలి. గట్టి స్ప్రింగులు వేశారంటే కథ వేరు. నలిగిన స్ప్రింగ్ మరింత బలంగా వెనక్కి తన్నుతుంది, దాన్ని పట్టి ఉంచేది షాకు రీబౌండ్ డ్యాంపింగ్, అంటే సాగేటప్పుడు అది అడ్డుపడే తీరు. అది చాలకపోతే స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా బండి రెండు మూడుసార్లు ఊగుతుంది. అలాగని అన్నిటికన్నా గట్టివి కొనేయకండి. బరువు అదే ఉండి స్ప్రింగ్ 20 శాతం గట్టిపడితే, మునుపటి తీరు రావడానికి డ్యాంపింగ్ సుమారు 10 శాతం పెరిగితే సరిపోతుంది. రీబౌండ్ మరీ గట్టిగా ఉంటే గతుకుల దారిలో చక్రం కిందికి వచ్చేలోపే ఇంకో గతుకు తగులుతుంది. బండి కొంచెం కొంచెంగా కూర్చుండిపోయి, చివరికి బంప్ స్టాప్ మీదే నడుస్తుంది. నా స్నేహితుడి బండిలో ఇది స్వయంగా చూశాను, వాడు స్ప్రింగులే మెత్తబడ్డాయని అనుకున్నాడు.

మీది బాడీ లిఫ్ట్ అయితే, అంటే ఛాసిస్‌కీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టినదైతే, షాకుల జోలికి వెళ్లక్కర్లేదు. యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య దూరం మారలేదు. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదిలేది) ఉంటే స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకూ కలిసిన భాగం, దాని పైన పెట్టే స్పేసర్‌తో జాగ్రత్త. చాలా బండ్లలో అంగుళం స్పేసర్‌కే చక్రం దగ్గర ఒకటిన్నర నుంచి 2 అంగుళాల లిఫ్ట్ వస్తుంది. స్ట్రట్ మొత్తం కిందికి జరుగుతుంది కాబట్టి కింద బాల్ జాయింట్, సీవీ జాయింట్ (చక్రానికి శక్తి చేర్చే షాఫ్ట్ మీద వంగే కీలు) కోణాలు హద్దు దాటొచ్చు, పైకి వచ్చేటప్పుడు బంప్ స్టాప్ కన్నా ముందే స్ట్రట్ మూసుకుపోవచ్చు.

కొత్త షాకులు బిగించేటప్పుడు రబ్బరు బుష్‌ల బోల్టులు ముందు వదులుగా ఉంచి, బండిని చక్రాల మీదికి దించి, దాని బరువు మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించమనండి. గాలిలో ఉండగా బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. మీ బండి రెండు కొలతలు, ఇప్పుడు బండి నిలబడి ఉండగా షాకు బోల్టుల మధ్య దూరం ఇక్కడ రాయండి, ఏ పొడవు వెతకాలో కలిసి లెక్క వేద్దాం.