పన్ను పీకించే ముందు నొప్పి ఎక్కడిదో తేల్చుకో

చిన్నోడా,

నొప్పి పన్నుదో దవడదో తెలీట్లేదు గానీ శనివారం కనిగిరి పోయి పీకించేసుకుంటా అన్నావంట, మీ అమ్మ చెప్పింది. కాస్త ఆగు నాయనా, అది మళ్లీ మొలిచే పన్ను కాదు.

ముందు చన్నీళ్లు నోట్లో పట్టి చూడు. జివ్వుమని వెంటనే పోతే పన్ను అరగడమో చిగురు దిగడమో అయుంటుంది, అంత టెన్షన్ అక్కర్లేదు. నీళ్లు ఊసేశాక కూడా అర నిమిషం దాటి సలుపుతుంటే, రాత్రి పడుకుంటే ఎక్కువైతే, పుచ్చు నరం దాకా పోయినట్టే, అప్పుడైనా రూట్ కెనాల్‌తో చాలాసార్లు పన్ను దక్కుతుంది. చెక్కలు కొరికి పళ్లు విడదీసేటప్పుడు కలుక్కుమంటే సన్న చీలిక ఉందేమో, అది ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు కాబట్టి నువ్వే డాక్టరుకు చెప్పాలి. పైగా పై పన్ను చెడితే కింద పన్ను నొప్పెట్టినట్టుంటుంది, అందుకని నువ్వు వేలు పెట్టి చూపించిందల్లా పీకేసే చోటికి పోవద్దు.

నా సంగతి తెలుసుగా, ఇలాంటి నొప్పికే ఒంగోలులో ఒక పళ్ల డాక్టరు రెండు పళ్లు తీసేద్దామన్నాడు. ఇంకో డాక్టరమ్మ చెవి ముందర వేళ్లు పెట్టి నోరు తెరిచి మూయమంటే అక్కడ టక్ టక్‌మంది. పళ్లు బాగానే ఉన్నాయి, నిద్రలో పళ్లు కొరికి కొరికి దవడ కండరాలు బిగుసుకుపోయాయి. రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు, మెత్తటి తిండి, వేడి కాపడం, వీటితోపాటు మీ పెద్దమ్మ వెక్కిరింతలు, వీటితోనే తగ్గింది. పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టుంటే నీదీ అదే కావచ్చు, కాకపోతే నీ వయసుకి జ్ఞానదంతం కూడా చూపించుకో, నోరు సరిగా తెరుచుకోకపోవడం దానివల్లా ఉంటుంది.

జలుబు చేసి, వంగితే పై పళ్లు నాలుగైదు కలిసి బరువెక్కితే సైనస్. పళ్లమీది గోధుమరంగు మరకలు మన ఫ్లోరైడ్ నీళ్లవి, నొప్పిని వాటిమీదికి నెట్టకు. నొప్పి మాత్ర చిగురుమీద అదిమి పెట్టొద్దు, పుండు పడుతుంది.

దవడ వాచి జ్వరం వచ్చినా, మింగుడు పడకపోయినా శనివారం దాకా ఆగకు. మీ నాన్నకీ చెప్పు, నడిస్తే దవడ లాగి, చెమటలు పట్టి, ఆగితే తగ్గుతుంటే అది గుండెది కావచ్చు, పళ్ల డాక్టరు దగ్గర కాదు, నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి.

ఎక్స్‌రే తీయించాక ఫోటో నాకు వాట్సాప్ చెయ్యి.

మీ పెదనాన్న