సముద్రం పేరు పెట్టుకున్న బట్టలకు సముద్రం తెలిసి ఉండాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: చిన్న వ్యాపారాలు

ప్రశ్న: మాది కావలి. ముంబై వైపు సముద్రంలోని చమురు వేదికల దగ్గర డైవర్‌గా చాలా ఏళ్లు పనిచేసి ఇంటికి వచ్చేశాను. ఆ జీవితం మీది అభిమానంతో లంగరు, పాతకాలపు డైవర్ల రాగి శిరస్త్రాణం, చుక్కాని చక్రం బొమ్మలు వేయించిన టీషర్టులను సొంత బ్రాండ్ పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. తెలిసినవారు కొన్నంతకాలం బాగానే సాగింది కానీ ఇప్పుడు ఆర్డర్లు తగ్గిపోయాయి. చేతిలో మూడు లక్షల రూపాయలు ఉన్నాయి. డిజైన్లు ఎక్కువ చేయమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: డిజైన్లు పెంచవద్దనే చెబుతాను. మీ బొమ్మలు బాగాలేవని కాదు, అవి ప్రపంచంలో ఎవరైనా వేయించగలిగిన బొమ్మలు. లంగరు బొమ్మ ఉన్న టీషర్టు చెన్నైలో దొరుకుతుంది, గోవాలో దొరుకుతుంది, సముద్రం చూడని ఊళ్లోనూ దొరుకుతుంది. ఆ బొమ్మ కోసమే అయితే కొనేవారు మీ దాకా రానక్కరలేదు. నీటి అడుగున పనిచేసి వచ్చిన మనిషి తయారు చేసిన బట్ట అంటే మాత్రం వస్తారు. అయితే ఆ మాట ప్రచారంలో ఉంటే చాలదు, బట్టలో కనిపించాలి.

నావికుల, డైవర్ల వేషంలో మనం ఇవాళ అందంగా చూస్తున్నవన్నీ ఒకప్పుడు పని కోసం, నియమం కోసం పుట్టినవే. తెలుపు, నీలం అడ్డచారల బనియనును ఫ్రెంచి నౌకాదళం 1858లో నావికుల యూనిఫారంలో చేర్చింది; ఒంటి భాగం మీద 21 తెల్ల చారలు, వాటి మధ్య అందులో సగం వెడల్పున్న నీలి చారలు ఉండాలని కొలతలతో సహా నిర్ణయించింది. మీరు అచ్చువేయిస్తున్న రాగి శిరస్త్రాణం 1830లలో ఇంగ్లండులో అగస్టస్ సీబే చేతుల్లో స్థిరపడిన పనిముట్టు. 1943లో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివారు వీపున మోసుకెళ్లే గాలి సీసా నుంచి ఊపిరి తీసుకునే ఆక్వాలంగ్‌ను రూపొందించాక డైవర్ పడవ నుంచి వచ్చే గాలిగొట్టాన్ని వదిలి స్వేచ్ఛగా ఈదగలిగాడు. ఎర్ర జెండా మీద ఏటవాలుగా వేసిన తెల్ల పట్టీ, కింద డైవర్ ఉన్నాడు, పడవను దూరంగా నడపండి అని చేసే హెచ్చరిక. ఈ సంగతులు మీకు నాకంటే బాగా తెలుసు. అయినా గుర్తు చేయడానికి కారణం ఉంది: వాటి రూపాన్ని తీసుకుని పనిని వదిలేస్తే మిగిలేది ఉత్త బొమ్మే.

అందువల్ల మీ తొలి ప్రశ్న ఏ బొమ్మ వేయాలన్నది కాకుండా, నీళ్లలోంచి పడవ మీదికి వచ్చిన మనిషి తర్వాతి మునక దాకా ఏం వేసుకోవాలన్నది కావాలి. తడి ఒంటికి గాలి తగిలితే మే నెలలో కూడా చలి పుడుతుంది. మామూలు నూలు టీషర్టు నీటిని పట్టుకుని త్వరగా ఆరదు. అందులో ఆరిన ఉప్పు గాలిలోని తేమను లాగి బట్టను మళ్లీ జిగటగా చేస్తుంది, చంకల దగ్గర, మెడ దగ్గర ఒరుసుకుపోతుంది. తలమీదుగా వేసుకుని, దాని చాటున తడిబట్టలు మార్చుకోవడానికి వీలుండే టర్కీ తువ్వాలు గుడ్డ పొడవాటి చొక్కా ఒకటి, పడవ మీద ఎండకు నిండు చేతులు, ఎత్తు మెడ, టోపీ కలిసిన పలుచని చొక్కా ఒకటి, ఈ రెండు వస్తువులు చక్కగా చేస్తే మీ బ్రాండుకు పునాది పడినట్టే.

జువ్వలదిన్నె హార్బరు మీకు దగ్గరలోనే ఉంది. తీరంలో వేటకు వెళ్లేవారు ఎండాకాలంలో కూడా పాత నిండుచేతుల చొక్కా వేసుకుని తలకు తువ్వాలు ఎందుకు చుడతారో, వల లాగేటప్పుడు గుండీలు, వేలాడే తాళ్లు ఎంత ఇబ్బంది పెడతాయో అక్కడ అడిగి తెలుసుకోండి. నైలాను వల కన్ను గుండీకి తగులుకుంటే చొక్కా చిరుగుతుంది, పడవ ఊగే సమయానికైతే మనిషికే ప్రమాదం. పడవ మీద వేసుకునే మీ చొక్కాకు ముందువైపు గుండీలు, టోపీకి వేలాడే తాడు లేకపోవడం మీ బ్రాండుకు ఏ బొమ్మకన్నా గట్టి గుర్తు అవుతుందని నా నమ్మకం. జిప్పు తప్పదనుకున్నచోట ప్లాస్టిక్ పళ్లది వాడండి, ఇనుప భాగాలున్నది ఉప్పుగాలికి తుప్పుపట్టి గుడ్డను మరక చేస్తుంది.

గుడ్డ విషయంలో తొందరపడవద్దు. తిరుప్పూరులో అల్లిక గుడ్డ కొనేటప్పుడు బరువు ఎంత జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు) అని అడిగి ఊరుకోకుండా, మీటరు నమూనా తెచ్చుకుని ఉతికి, ఆరేసి, కొలిచి, మళ్లీ ఉతికి చూడండి. అల్లిక గుడ్డ కుదించుకుపోవడం, పక్క కుట్టు మెలి తిరగడం రెండూ ఆ ఉతుకుల్లోనే బయటపడతాయి. రంగు సముద్రపు నీటికి నిలుస్తుందో లేదో తేల్చడానికి ఐఎస్ఓ 105-ఇ02 అనే పరీక్షే ఉంది, గుడ్డ పరీక్షించే ప్రయోగశాలలో ఆ పేరు చెప్పి అడగవచ్చు. ఎండ నుంచి రక్షణ ఇస్తుందని రాయాలంటే యూపీఎఫ్ పరీక్ష చేయించాలి. యూపీఎఫ్ 50 అంటే చర్మానికి హానిచేసే అతినీలలోహిత కిరణాలలో సుమారు యాభయ్యో వంతు మాత్రమే గుడ్డను దాటుతుందని అర్థం. పరీక్ష లేకుండా ఆ అంకె లేబుల్ మీద వేయడం కొనేవారి చర్మంతో ఆడుకోవడమే, దయచేసి ఆ పని చేయకండి.

ఇక మూడు లక్షల సంగతి. ఉదాహరణకు ఐదు డిజైన్లు, రెండు రంగులు, ఐదు సైజులు అనుకుంటే యాభై రకాలవుతాయి. రకానికి పది చొక్కాల చొప్పున 500, ఒక్కొక్కటి తయారయ్యేసరికి 300 రూపాయలైతే లక్షన్నర, అంటే మీ డబ్బులో సగం బీరువాలో కూర్చుంటుంది. ఎక్కువగా అడిగే సైజులు ముందు అయిపోయి, మిగిలినవి ఏడాది గడిచినా కదలవు. అదే రెండు వస్తువులు, ఒక్కో రంగు, ఐదు సైజులు, రకానికి ఇరవై చొప్పున అయితే 200 చొక్కాలు, 60 వేల రూపాయలు. మిగతా డబ్బుతో నమూనాలు, పరీక్షలు, మంచి ఫొటోలు అయ్యాక కూడా రెండో విడతకు చేతిలో నగదు ఉంటుంది. ధర కట్టేటప్పుడు కొరియరు, తిరిగివచ్చే పార్సిళ్లు, మీ సొంత శ్రమ కూడా లెక్కలో వేయండి. చాలామంది ఆ మూడోదాన్ని వదిలేస్తారు.

బొమ్మలు పూర్తిగా మానేయమని నేను అనడం లేదు. అయితే మన తీరానికి ఉన్నవి వాడండి. శాతవాహనుల నాణేల మీద, ముఖ్యంగా యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు వాటి మీద, రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. దాన్ని చూసి మీ చిత్రకారుడి చేత కొత్తగా గీయించుకోండి, ఎవరో తీసిన ఫొటోను మాత్రం ఎత్తుకోవద్దు. 2022 పునర్విభజనకు ముందు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లిన మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. ఆ శతాబ్దం చివర వచ్చిన మార్కోపోలో ఈ రాజ్యంలో నేసే పలుచని నూలు బట్టను సాలెగూడుతో పోల్చి మెచ్చుకున్నాడు. ఓడ, బట్ట రెండూ కలిసిన చరిత్ర మీ గుమ్మం ముందే ఉండగా ఇంకొకరి రేవుల బొమ్మలు తెచ్చుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

అదే వరుసలో చీరాల రుమాళ్ల గురించీ తెలుసుకోండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో మళ్లీమళ్లీ నానబెట్టి, ఎరుపు, నలుపు రంగులద్ది నేసిన తేలియా రుమాళ్లు ఇక్కడి నుంచి అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఎగుమతి అయ్యేవి, ఇక్కడి జాలరులు కూడా వాటిని కట్టుకునేవారు. తెలంగాణలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లే చట్టరక్షణ) ఉంది కాబట్టి ఆ నమూనాను అచ్చువేసి ఆ పేరుతో అమ్మకూడదు. నేతగాళ్ల దగ్గర నిజమైన గుడ్డ కొని, జేబుకో మెడపట్టీకో వాడి, ఎక్కడ నేసినదో లేబుల్ మీద రాస్తే మీకూ గౌరవం, నేసినవారికీ పని.

ప్రశ్న: ఒంగోలులో నాకు చిన్న కుట్టు యూనిట్ ఉంది. కొత్తపట్నం బీచికి వచ్చేవారి కోసం నావికుల తరహా చొక్కాలు, టోపీలు కుట్టి బయటి రాష్ట్రాలకు కూడా పంపాలని ఉంది. టోపీల మీద భారత నౌకాదళం ముద్ర వేయవచ్చా? బ్రాండు పేరును ఎలా కాపాడుకోవాలి? జీఎస్టీ అవసరమా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: వేయకూడదమ్మా. నౌకాదళ ముద్రలో సింహాల రాజ్యచిహ్నం ఉంటుంది. దాన్ని అనుమతి లేకుండా వ్యాపారానికి వాడడాన్ని 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నివారణ చట్టం, 2005 నాటి రాజ్యచిహ్న చట్టం నిషేధిస్తున్నాయి. డైవింగ్ శిక్షణ సంస్థల లోగోలు, పేరున్న గడియారాల కంపెనీల గుర్తులు కూడా వాటి సొంత ఆస్తి. జాతీయ జెండాను నడుము కింద వేసుకునే బట్టల మీద వాడరాదని కూడా గుర్తుంచుకోండి.

పేరు విషయంలో, సాగర్, ఓషన్ వంటి మాటలు ఇప్పటికే ఎందరో వాడుతున్నవి కాబట్టి వాటిని మీదిగా నిలబెట్టుకోవడం కష్టం. ట్రేడ్‌మార్క్ వెబ్‌సైటులో ముందుగా వెతికి, బట్టలకు కేటాయించిన 25వ తరగతిలో దరఖాస్తు చేయండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము 4,500 రూపాయలు. నమోదైతే పదేళ్లు ఉంటుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. నమోదు కాకముందు టీఎం గుర్తు పెట్టుకోవచ్చు కానీ నమోదైన పేరుకే చెల్లే, వలయంలో ఆర్ అక్షరం ఉన్న గుర్తు పెట్టకూడదు.

మన రాష్ట్రంలో సరుకులమ్మేవారికి ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. కానీ చొక్కాలను బయటి రాష్ట్రానికి పంపదలచుకుంటే ఆ పరిమితి మీకు వర్తించదు, మొదటి పార్సిలుకు ముందే నమోదు కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ధర ఉన్న దుస్తులకు 5 శాతం, అది దాటితే 18 శాతం పన్ను ఉంది. 2,600 ధర పెట్టబోయే వస్తువును మరోసారి ఆలోచించి 2,500 లోపు తేగలిగితే కొనేవారి మీద భారం బాగా తగ్గుతుంది.

ప్రశ్న: మైపాడు దగ్గర వేటకు వెళ్లేవారి ఫొటోలు తీసి, వారి మాటలను చొక్కాల మీద వేసి అమ్మాలనుకుంటున్నాము. అనుమతి తీసుకోవాలా?
– కొందరు విద్యార్థులు, నెల్లూరు

జవాబు: తీసుకోవాలి, డబ్బు కూడా ఇవ్వాలి. ఫొటోలో ఉన్న మనిషికి ఆ చొక్కా ఎక్కడ, ఎంతకు అమ్ముతారో చెప్పి, ఒప్పుకున్నట్టు తెలుగులో కాగితం రాయించుకుని, అందులో ఒక కాపీ ఆయనకే ఇవ్వండి. ఈ తీరంలో జాలరులైన పట్టపు వారి ఇళ్లలో మాట్లాడే భాష వేరు. ఆ మాటలు అచ్చువేసే ముందు అర్థాన్ని, పలికే తీరును ఇంటి పెద్దల చేత సరిచూపించుకోండి. కులం పేరును, గంగమ్మ తల్లి రూపాన్ని వ్యాపారపు గుర్తుగా వాడకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో మరపడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. తీరిగ్గా కూర్చుని మాట్లాడడానికి అదే అనువైన సమయం. ఇళ్లలో రాబడి తగ్గే రోజులు కూడా అవే కాబట్టి, కుట్టుపని వచ్చిన ఆడవారికి గుడ్డసంచులు, టోపీలు కుట్టే పని ఆ రెండు నెలలకు అప్పగించి, కూలి ఏ రోజుకారోజు చెల్లించండి.