ఆంప్ బోర్డు కొనాలా, కార్డు బాకీ తీర్చాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది అనంతపురం. ఈసీఈ చదివి ఇక్కడే ప్రైవేటు కంపెనీలో చేస్తున్నా, చేతికి 22 వేలు వస్తుంది. కాలేజీ ప్రాజెక్టుకు కొన్న రాస్ప్‌బెర్రీ పై 3బీ ప్లస్ (చిన్న కంప్యూటర్ బోర్డు) ఒకటి ఖాళీగా పడుంది. మా నాయన పాత టేప్ సెట్ స్పీకర్లు రెండున్నాయి, వెనక 8 ఓమ్స్, 15 వాట్స్ అని రాసుంది. రెండూ కలిపి నాయనకు పొద్దున్నే పాటలు వినడానికి సెట్ చేసిద్దామని. స్పీకర్లను నడిపే ఆంప్ (యాంప్లిఫయర్) బోర్డుల రేట్లు చూస్తే చిన్న మ్యాక్స్98357ఏ రెండు కలిపి 700, డిజిటల్ పాటను సౌండ్ సిగ్నల్‌గా మార్చే పీసీఎం5102 డ్యాక్‌తో పాటు టీపీఏ3116 ఆంప్ అయితే 1,100, డిజిఆంప్ ప్లస్ 3,400, హైఫైబెర్రీ ఆంప్2 బయటి దేశం నుంచి తెప్పిస్తే అన్నీ కలిపి 6,500. 60 వాట్లు కదా ఆంప్2 తీసుకో అని ఫ్రెండ్స్ అంటున్నారు, కార్డులో నో కాస్ట్ ఈఎంఐ ఉంది. కార్డు బాకీ ఇప్పటికే 18 వేలుంది, నెలకు వెయ్యి కడుతున్నా. 40 వేల చీటీ ఒకటి ఉంది, నెలకు 2 వేలు, 20 నెలలది, 12 నెలలు కట్టేశా, ఇంకా పాడలేదు. ఏ బోర్డు కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, నీ లెక్కలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు ఆ 6,500 బోర్డు కాదు, చివర్లో ఒక్క ముక్కలో చెప్పేసి పక్కకు జరిగిన 18 వేల కార్డు బాకీ. ముందు దాని సంగతి చూసి తర్వాత బోర్డు దగ్గరికి వస్తా, విసుక్కోవద్దు.

చాలా కార్డుల్లో మిగిలిపోయిన బాకీ మీద నెలకు 3.5 శాతం, కొన్నిట్లో 3.75 దాకా వడ్డీ వేస్తారు, ఆ వడ్డీ మీద మళ్ళా 18 శాతం జీఎస్టీ. నీది 3.5 అనుకుందాం. 18 వేల మీద 630, దానికి జీఎస్టీ 113, మొత్తం 743 రూపాయలు. అంటే నువ్వు కట్టే వెయ్యిలో అసలుకు జమయ్యేది 257. ఇట్లే ఇంకో ఎనిమిది నెలలు కట్టుకుంటూ పోతే జేబులోంచి 8 వేలు పోయుంటాది, బాకీ మాత్రం 15,600 దగ్గర అట్లే కూర్చోనుంటాది. వడ్డీకే 5,600 పైన పోయినట్టు. ఆంప్2 రేటుకు దగ్గరదగ్గర అంతే, కానీ ఇంట్లోకి బోర్డేమీ రాలేదు.

ఇంకోటి, ఇది శానామందికి తెలీదు. బాకీ పూర్తిగా కట్టకుండా లాగుతున్న కార్డు మీద కొత్తగా ఏం కొన్నా దానికి ఆ రోజు నుంచే వడ్డీ మొదలైతాది, ఫ్రీ పీరియడ్ అనేది ఉండదు, వచ్చే నెల కట్టేస్తాలే అనుకుని గీకితే అది కూడా ఆ కుప్పలోనే పడతాది. ఈఎంఐ కింద మారిస్తే ఆ గొడవ లేదు కదా అంటావేమో. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీని డిస్కౌంటు రూపంలో తగ్గించి చూపిస్తారు, ఆ వడ్డీ మీద జీఎస్టీ మాత్రం నీ బిల్లులోనే వస్తాది, చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు కూడా తీసుకుంటాయి. ఫీజు 199 అనుకో, జీఎస్టీతో 235. 3,400 వస్తువుకు 235 అంటే దాదాపు ఏడు శాతం, అది కూడా మూడు నెలల అప్పుకు. కాబట్టి ఏ బోర్డైనా సరే, కార్డు మీద వద్దు.

ఇప్పుడు చీటీ. మామూలుగా అయితే అవసరం లేకుండా చీటీ పాడొద్దనే చెప్తా, చివరిదాకా ఉన్నోనికే లాభం అనేది మన వైపు అందరికీ తెలిసిందే. కానీ నీకు అవసరం ఉండాది. ఈ నెల పాట 4 వేల తగ్గింపుతో పోతే చేతికి 36 వేలు వస్తాది. పోయే 4 వేలు, కార్డుకు ఎనిమిది నెలల్లో పోయే 5,600 కన్నా తక్కువే, పైగా ఆ 4 వేలు పూర్తిగా నష్టం కూడా కాదు, రిజిస్టర్డ్ చీటీ అయితే ఫోర్‌మన్ (చీటీ నడిపేవాడు) కమీషన్ ఎట్లాగూ పోయేదే, చట్టం ప్రకారం అది 7 శాతం దాకా ఉండొచ్చు. పాట 5,500 దాటిందనుకో, ఆ నెల గమ్మున కూర్చో, వచ్చే నెల చూద్దువు. వచ్చిన 36 వేల్లో 18 వేలు అదే రోజు కార్డుకు కట్టెయ్, మినిమమ్ కాదు, టోటల్ డ్యూ. ఆ నెల వడ్డీ కొంచెం వెనకాల వస్తాది, తర్వాతి బిల్లులో 700 చిల్లర కనిపిస్తే భయపడొద్దు, అది కూడా కట్టేస్తే అయిపోతాది. మిగిలిన 18 వేలు నీది కాదని అనుకో. ఇంకా ఎనిమిది కంతులు, 16 వేలు కట్టాల్సిందుంది కదా, అది బ్యాంకులో వేరేగా పెట్టెయ్. చీటీ కంపెనీది అయితే పాడినాక జామీను అడుగుతారు, ఆఫీసులో ఇద్దరిని ముందే అడిగి పెట్టుకో. రిజిస్టర్ కాని వీధి చీటీ అయితే ఇంకా తొందరగా పాడేసుకో అంటాను, 24 వేలు కట్టి ఊరికే కూర్చోవడం నాకైతే నిద్ర పట్టదు.

కార్డు తీరినాక నెలనెలా పోయే ఆ వెయ్యి నీ చేతిలోనే మిగులుతాది. నాలుగు నెలలకు 4 వేలు. బోర్డు కొనేది ఆ డబ్బుతోనే, నీ జీతంలోంచి కొత్తగా ఏమీ తీయకుండా.

ఇంగ బోర్డు. అన్నిటికన్నా ముందు ఆ స్పీకర్లు బతికున్నాయా లేదా చూసుకో, ఎందుకంటే బోర్డు వచ్చినాక స్పీకర్ పోయిందని తెలిస్తే బడ్జెట్ మొత్తం తలకిందులైతాది. ముందు జాలీ తీసి కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలితో నొక్కు. పాతవి చాలావాటికి అది పొడిపొడిగా రాలిపోయుంటాది. తర్వాత గోడ గడియారంలో వేసే 1.5 వోల్ట్ సెల్ తీసుకుని రెండు వైర్లతో స్పీకర్ టెర్మినళ్ళకు అలా తాకించి తీసెయ్, టప్ మని శబ్దం రావాలి, కోన్ కదలాలి. నీ దగ్గర మల్టీమీటర్ ఉంటాది కదా, పెట్టి చూడు, 8 ఓమ్స్ స్పీకర్ మీటర్లో 6, 7 చూపిస్తాది, అది మంచిదే. ఏమీ చూపించకపోతే కాయిల్ పోయినట్టు.

వాట్ల మాట. మీ ఫ్రెండ్స్ చెప్పే 60 వాట్లు నీ ఇంట్లో ఎప్పటికీ రావు. 700 చిన్నవి తప్ప ఈ బోర్డులన్నీ 12 నుంచి 24 వోల్టుల సప్లైతో నడిచేవి, ఎంత పవర్ బయటికొస్తాదనేది ఆ వోల్టులు, స్పీకర్ ఓమ్స్ మీద ఆధారపడుంటాది. వోల్టును వోల్టుతో గుణించి, ఓమ్స్‌కు రెండింతలతో భాగిస్తే పైపైన లెక్క తేలిపోతాది. 12 వోల్టులు, 8 ఓమ్స్ అయితే 144 బై 16, తొమ్మిది వాట్లు. 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే 22. పూర్తిగా 24 పెట్టినా 36 దాటదు, బోర్డు మీద ఏం రాసున్నా. బోరులో ఒకటిన్నర ఇంచి నీళ్ళుంటే పది హెచ్‌పీ మోటరు దించినా వచ్చేది ఆ ఒకటిన్నర ఇంచే కదా, అట్లాంటిదే ఇది. పైగా నీ స్పీకర్లే 15 వాట్లవి. పది, పన్నెండడుగుల గదికి ఒకటి రెండు వాట్లు కూడా బాగానే వినిపిస్తాయి, వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెం పెరిగినట్టు అనిపిస్తాది, అంతే.

ఈ లెక్క తెలిసినాక ఆంప్2 అక్కడికక్కడే పక్కకు పోతాది. అది మంచి బోర్డే, కాదనను. కానీ హైఫైబెర్రీ ఆంప్2లోనూ, డిజిఆంప్ ప్లస్‌లోనూ ఉండే చిప్ ఒకటే, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీఏఎస్5756ఎం. డ్యాక్, ఆంప్ రెండూ ఆ ఒక్క చిప్‌లోనే ఉంటాయి. డిజిఆంప్ ప్లస్ మొదట ఐక్యూఆడియో వాళ్ళది, 2020లో రాస్ప్‌బెర్రీ పై కంపెనీయే దాన్ని కొనేసింది, ఇప్పుడు వాళ్ళ పేరు మీదే వస్తాది. అదే చిప్‌కు 3,100 ఎక్కువ పెట్టడం, పైగా బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్, కొరియర్ వాళ్ళ ఛార్జీలు, పాడైతే వెనక్కి పంపే ఖర్చు, ఇవన్నీ నాయన పాత స్పీకర్ల కోసం ఎందుకప్పా.

700 చిన్న బోర్డులను నేను తక్కువ చేయను. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, రాస్ప్‌బెర్రీ పై నుంచే 5 వోల్టులు తీసుకుంటాయి. కానీ 8 ఓమ్స్ స్పీకర్‌కు ఒక్కోటి 1.8 వాట్ల దగ్గరే ఆగిపోతాది, ఆ చివర్లో శబ్దం చీలుతాది కూడా. రాస్ప్‌బెర్రీ పై అడాప్టర్ కొంచెం వీక్‌గా ఉంటే పాట గట్టిగా వచ్చినప్పుడల్లా స్క్రీన్ మీద మెరుపు గుర్తు వస్తాది, అంటే వోల్టేజీ పడిపోతున్నట్టు. నీ టేబుల్ మీద పెట్టుకోవడానికైతే ఇవి చాలు, హాలుకు చాలవు.

1,100 దాంట్లోనే అసలైన టెంప్టేషన్ ఉంది, నువ్వు ఈసీఈ కాబట్టి సోల్డరింగ్ నీకు పెద్ద పని కాదు, సౌండ్ కూడా బాగుంటాది, టీపీఏ3116 గట్టి ఆంప్. కానీ ఆంప్‌కు ఒక సప్లై, రాస్ప్‌బెర్రీ పైకి ఇంకో అడాప్టర్, డ్యాక్ నుంచి ఆంప్‌కు వైర్లు, ఇవన్నీ పెట్టడానికి ఒక డబ్బా. రెండిటికీ ఒకే సప్లై వాడదామని వోల్టులు తగ్గించే బక్ కన్వర్టర్ పెడితే చాలాసార్లు గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ వైర్లు చుట్టలా కలవడం) వచ్చి వెనకాల గుయ్ మని వస్తుంటాది, దాన్ని పోగొట్టడానికి ఐసోలేటర్ అని ఇంకో ఖర్చు. నువ్వు ఆఫీసులో ఉంటే నాయన ఫోన్ చేసి రావట్లేదురా అంటే ఏ వైరు ఊడిందో ఎట్ల చెప్తావు? నేర్చుకోవడానికి నీ గదిలో పెట్టుకునేదైతే ఇదే తీసుకోమనేవాణ్ణి.

అందుకే నా ఓటు డిజిఆంప్ ప్లస్‌కే, నాలుగు నెలలైనాక, క్యాష్‌తో లేదా యూపీఐతో. రాస్ప్‌బెర్రీ పై 40 పిన్నుల మీద నేరుగా కూర్చుంటాది, ఒకే సప్లైతో రాస్ప్‌బెర్రీ పైకి కూడా కరెంటు అదే ఇస్తాది. అందుకని దాన్ని పెట్టినాక రాస్ప్‌బెర్రీ పై సొంత పవర్ పోర్టులో అడాప్టర్ పెట్టకూడదు, ఇది మర్చిపోతే బోర్డు, రాస్ప్‌బెర్రీ పై రెండూ పాడవ్వొచ్చు. కొత్త సప్లై కొనొద్దు, ఇంట్లో గానీ ఆఫీసులో గానీ పాత ల్యాప్‌టాప్ ఛార్జర్ ఉంటాది, 19 వోల్టులు, 3.42 ఆంప్స్ అని రాసుంటే శుభ్రంగా సరిపోతాది. మధ్య పిన్ను ప్లస్ అయ్యుండాలి, పిన్ను లోపలి రంధ్రం ఎక్కువగా రెండు రకాలుంటాది, 2.1, 2.5 మిల్లీమీటర్లు, బోర్డుకు ఏది కావాలో చూసుకుని అవసరమైతే చిన్న కన్వర్టర్ పిన్ను తెచ్చుకో. స్పీకర్లు 15 వాట్లవే కాబట్టి 19 వోల్టులు పెట్టినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్‌కు ఒక లిమిట్ పెట్టెయ్. వైరుతో కలిపి మొత్తం 3,600, 3,700 దగ్గర తెగుతాది.

దీనికోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతా అనొద్దు, రానుపోను బస్సు ఛార్జీ, టిఫినూ భోజనమూ కలిపితే మిగిలేదేమీ ఉండదు. వేరే పని మీద పోతుంటే సరే. ఇక్కడే ఆన్‌లైన్‌లో జీఎస్టీ బిల్లు ఇచ్చే, రిటర్న్ తీసుకునే అమ్మకందారుని దగ్గర కొను, బిల్లు ఫోటో తీసి పెట్టుకో. మన ఎండాకాలం 40 దాటుతాది కాబట్టి మూత గట్టిగా ఉండే డబ్బాలో బిగించొద్దు, పక్కల రంధ్రాలుండాలి.

బిగించినాక సౌండ్ రాకపోతే వెంటనే రిటర్న్ పెట్టకు. ఆ బోర్డులో మ్యూట్‌కు ఆ 40 పిన్నుల్లో జీపీఐఓ 22 అనే పిన్ను వాడతారు, కాన్ఫిగ్ ఫైల్లో ఓవర్లే (ఏ బోర్డు పెట్టామో చెప్పే) లైను రాసేటప్పుడు అన్‌మ్యూట్ ఆప్షన్ కూడా రాయకపోతే ఆంప్ నోరు తెరవదు. రాస్ప్‌బెర్రీ పై సొంత ఆడియో లైను కూడా ఆఫ్ చేసి, వాల్యుమియో గానీ మూడ్ ఆడియో గానీ, పాటల సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే నాయన ఫోన్ నుంచే పాట మార్చుకోవచ్చు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. పాత టేప్ సెట్లలో రెండు స్పీకర్ల మైనస్ వైర్లు కలిపేసి ఒకే వైరుగా తీసుకొచ్చుంటారు కొన్నిట్లో, ఈ బోర్డులకు అట్ల కలపకూడదు, మైనస్‌లోనూ సిగ్నల్ ఉంటాది, గ్రౌండ్‌కు గానీ ఒకదానికొకటి గానీ తగిలితే చిప్ కాలుతాది. ఎడమకు రెండు, కుడికి రెండు, నాలుగు వైర్లూ వేరేగా లాగు, మీటర్‌తో చూసి ఆ తర్వాతే ఛార్జర్ పెట్టు.