పాట ముందు, బొమ్మ తర్వాత

ఐదేళ్ళ మీ పాప పాటలున్న యానిమేషన్ సినిమా ఒకదాన్నే పదే పదే చూస్తోందని, పక్కన కూర్చుంటే మీకూ లేవబుద్ధి కావడం లేదని రాశారు. ఈ సినిమాలు ఎలా మొదలయ్యాయి, ఇన్నేళ్ళయినా వాటి మీద మోజు ఎందుకు తగ్గలేదు అని అడిగారు. హనుమకొండలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు సంగీతం చెబుతున్నాను. ఈ ప్రశ్న నా మనసులోనూ చాలా కాలంగా ఉన్నదే కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

నేను పుట్టి పెరిగింది వరంగల్ కొత్తవాడలో, జంపఖానాలు నేసే ఇంట్లో. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు మా వాడకు వచ్చి, చేర్యాల ఊరి నకాషీలు అనే చిత్రకారులు గీసిన పొడవైన పటాన్ని కట్టి, ఒక్కొక్క బొమ్మా విప్పుతూ కథ పాడేవారు. ఎర్రటి రంగు వెనకాల పులినెక్కిన భావనారుషి, అంటే పద్మశాలీల మూలపురుషుడి బొమ్మ దగ్గర పాట వేగం పెరిగి, మద్దెల దరువు చిక్కబడుతుంటే, చింతగింజల గంజి పట్టించిన ఆ బట్ట మీద కదలకుండా ఉన్న పులి నిజంగా ముందుకు దూకుతున్నట్టే నాకు కనిపించేది. పాట ఆ ఘట్టానికి చేరితే తప్ప తర్వాతి బొమ్మ విప్పేవారు కాదు. గీసిన బొమ్మకు పాటే ప్రాణం పోస్తుందని నాకు మొదట తెలిసింది అక్కడే. తర్వాత యానిమేషన్ సినిమాల గురించి చదివినదంతా ఆ అనుభవం పక్కనే పెట్టి చూసుకున్నాను.

వాల్ట్ డిస్నీ బృందం 1928లో ‘స్టీమ్‌బోట్ విల్లీ’ అనే చిన్న చిత్రం తీసినప్పుడు వారికి ఎదురైన చిక్కు కూడా ఇదే, బొమ్మనూ పాటనూ జత కలపడం. విల్‌ఫ్రెడ్ జాక్సన్ అనే యువ చిత్రకారుడి తల్లి పియానో నేర్పేవారు. తాళం వేగాన్ని టిక్కుటిక్కుమని లెక్కపెట్టే మెట్రోనోమ్ అనే పరికరం సంగతి అతనికి తెలుసు కనుక, తాళం దెబ్బకు ఎన్ని ఫ్రేములు (ఒక్కో ఫ్రేమూ కదలని ఒక బొమ్మ) పడతాయో ముందే లెక్కకట్టే దారి దొరికింది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి కాబట్టి, సెకనుకు రెండు దెబ్బలు పడే పాటకు ఒక్కో దెబ్బకూ 12 ఫ్రేములు వస్తాయి. అడుగు నేలను తాకే బొమ్మ సరిగ్గా ఆ పన్నెండో ఫ్రేములో పడితే, చూసేవారి ఒంట్లో తాళం దానంతటదే పలుకుతుంది. మరుసటి ఏడు, 1929లో, సంగీతమే ముందుండి కథను నడిపే ‘సిల్లీ సింఫనీలు’ అనే చిన్న చిత్రాల వరుస మొదలైంది. దాని వెనుక సంగీత దర్శకుడు కార్ల్ స్టాలింగ్ ఆలోచన ఉంది.

ఈ కసరత్తంతా 1937 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో తొలి ప్రదర్శన జరిగిన ‘స్నో వైట్ అండ్ ద సెవెన్ డ్వార్ఫ్స్’లో పండింది. గంటన్నరకు దగ్గరగా బొమ్మలను ఎవరు చూస్తారని సినిమా లోకం పెదవి విరిచిన రోజులవి. 1938లో ఆ చిత్రం పాటలు రికార్డులుగా కూడా వచ్చి అమ్ముడుపోయాయి. సినిమా పాటల ఆల్బమ్ అనే వస్తువుకు దానితోనే మొదలని చెబుతారు.

అందులో మరుగుజ్జులు పని ముగించుకుని వరుసగా ఇంటికి నడిచే ఘట్టం ఉంది. సంగీతం తరగతిలో నేను దాన్ని శబ్దం పూర్తిగా తీసేసి చూపించి, తోచినట్టు చప్పట్లు కొట్టమంటాను. ఎనిమిదేళ్ళ పిల్లలు, ఆ పాట ఎన్నడూ విననివారు, రెండు మూడు అడుగులయ్యేసరికి అందరూ కలిసి ఒకే తాళంలో పడతారు. అప్పుడు శబ్దం పెడితే వారి చప్పట్లూ పాటా ఒక్కటిగా కలిసిపోతాయి. ఒక్కసారి ఇంట్లో మీ పాపతో కలిసి ఇలా చేసి చూడండి. మామూలు సినిమాలో నటుడు పాటకు తగ్గట్టు ఆడడానికి ప్రయత్నిస్తాడు. ఇక్కడ మాత్రం సాధారణంగా పాటను ముందే రికార్డు చేసి, దాన్ని వింటూ బొమ్మ గీస్తారు కాబట్టి కనురెప్ప వాలడం కూడా తాళంలోనే ఉంటుంది.

1966లో వాల్ట్ డిస్నీ మరణించిన తర్వాత చాలా కాలం ఈ కళ మందగించింది. దానికి మళ్ళీ ఊపిరి పోసినవారిలో నేను ముందుగా తలచుకునే పేరు హోవర్డ్ ఆష్మన్. న్యూయార్క్ నాటకరంగం నుంచి వచ్చిన ఈ గీత రచయిత, స్వరకర్త అలన్ మెంకెన్‌తో కలిసి 1989లో ‘ద లిటిల్ మర్మైడ్’కు పాటలు కట్టాడు. నాయిక తన మనసులోని కోరికను కథ మొదట్లోనే పాటగా చెప్పుకోవాలన్నది నాటకరంగం అతనికి నేర్పిన పద్ధతి. ఆ కోరిక తెలిస్తేనే ప్రేక్షకుడు చివరిదాకా ఆమె వెంట నడుస్తాడు. ముందస్తు ప్రదర్శనలో పిల్లలు కుదురుగా కూర్చోలేదని సరిగ్గా ఆ పాటనే తీసేద్దామన్నారు. ఆష్మన్ పట్టుబట్టి నిలబెట్టుకున్నాడు. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ తెరమీదికి రాకముందే, 1991 మార్చిలో, నలభై ఏళ్ళకే ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. ఆ చిత్రమే ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు నామినేట్ అయిన తొలి యానిమేషన్ సినిమా. తన పని ఎంత దూరం వెళ్ళిందో చూడకుండానే పోయాడన్న బాధ ఆ పాటలు వింటున్న ప్రతిసారీ నాకు కలుగుతుంది.

పాట కథనే మార్చేసిన సందర్భం కూడా ఒకటి ఉంది. 2013 నాటి ‘ఫ్రోజెన్’లో మంచును పుట్టించే శక్తి ఉన్న రాణి ఎల్సాను మొదట ప్రతినాయికగా అనుకున్నారు. ఆమె ఒంటరిగా కొండెక్కుతూ పాడే పాటను రచయితలు కట్టి వినిపించాక, అంత నొప్పి, అంత విడుదల ఉన్న మనిషి చెడ్డది ఎలా అవుతుందని కథను తిరగరాశారు. ఆ ఘట్టంలో చేతి తొడుగు విసిరేయడం, మంచు మెట్ల మీద మొదటి అడుగు వేయడం, కొప్పు విప్పి జడ వదలడం, ఒక్కొక్కటీ పాటతో కలిసే జరుగుతాయి.

2019లో వచ్చిన రెండో భాగంలో తెలుగు ఎల్సాకు నిత్యా మీనన్ గొంతు ఇచ్చారు. డబ్బింగ్ పాట రాయడం ఎంత కష్టమో మనవాళ్ళు తగినంతగా గుర్తించరని నా అభిప్రాయం. తెరమీద పెదవులు కలిసిన చోట ప, బ, మ వంటి అక్షరం పడాలి, నోరు తెరిచి సాగదీసిన చోట అచ్చు నిలవాలి. ఆపైన అర్థమూ చెడకూడదు. మనది అజంత భాష కావడం ఇక్కడ గొప్ప మేలు. మాట చివర అచ్చు ఉంటుంది కాబట్టి గాయని ఆ స్వరాన్ని కావలసినంతసేపు నిలపగలదు.

ఇక మీ పాప అదే సినిమాను మళ్ళీ చూడటం గురించి. కొత్తవాడలో మార్కండేయుడి కథ తెలియనివారు ఎవరూ ఉండేవారు కాదు. అయినా పటం కట్టారంటే మగ్గాలు ఆపి వచ్చి కూర్చునేవారు. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవడానికి కాదు, తెలిసిన చోటికి పాటతో పాటు మళ్ళీ వెళ్ళడానికి. మీ పాప కూడా పాట కోసమే ఎదురుచూస్తోంది, పాట రాకముందే పెదవులు కదుపుతూ ఉంటుంది, గమనించండి. పోయిన దసరాకు మా అక్క మనవరాలు ‘ద లయన్ కింగ్’ పెట్టుకుంది. ఆ మొదటి పాట జులూ భాషలో మొదలవుతుంది, ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. డెబ్బై తొమ్మిదేళ్ళ మా బాపు మంచం మీద పడుకున్నవాడు లేచి కూర్చుని, మోకాలి మీద వేళ్ళతో దరువు వేస్తూ, “ఇది మళ్ళొక్కసారి పెట్టు బిడ్డా” అన్నాడు.