మాల్దీవుల్లోని ఒక చిన్న దీవికి లెక్కల టీచరుగా వెళ్లవచ్చా?

మాల్దీవుల ఉత్తర భాగంలోని ఒక చిన్న దీవిలో రెండేళ్ల ఒప్పందంపై లెక్కల టీచరు ఉద్యోగం వచ్చిందని, చాలా అందమైన, ప్రశాంతమైన చోటని అందరూ అంటున్నా ఆరేళ్ల పాపతో ఒంటరిగా వెళ్లడానికి జంకుతున్నానని మీరు రాశారు. నేను 2015 నుంచి 2019 వరకు హా ధాలు అటాల్ అనే దీవుల గుంపులో, కిలోమీటరు పొడవు కూడా లేని ఒక దీవిలో, తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పాను. వెళ్లవచ్చు అన్నదే నా సమాధానం. అయితే సముద్రం అందాన్ని చూసి మాత్రం నిర్ణయం తీసుకోకండి. ఆ అందం రెండు మూడు నెలల్లో కంటికి అలవాటైపోతుంది, ఆ తరువాత మీరు కాపురం చేయవలసింది అయిదారు వందల మంది మనుషులతో, పడవల రాకపోకలతో.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఆ దేశంలో సుమారు 1,200 దీవులు ఉంటే మనుషులు ఊళ్లు కట్టుకుని ఉంటున్నవి 200 లోపే. బంధువులు మీకు పంపుతున్న ఫోటోలలోని నీటిమీది కుటీరాలు, ఈత దుస్తులు, విందులు విహారకేంద్రాల దీవులవి, ఊరి దీవులకు వాటితో సంబంధం లేదు. ఊరి దీవిలో ఒక మసీదు, ఒక బడి, ఒక ఆరోగ్య కేంద్రం, నాలుగైదు కిరాణా కొట్లు, ఒక రేవు, తెల్లటి ఇసుక వీధులు ఉంటాయి. మాది కోనసీమ కాబట్టి కొబ్బరిచెట్ల నీడ నాకు కొత్త కాదు, కానీ ఎటు పది నిమిషాలు నడిచినా నేల అయిపోవడం మాత్రం చాలా కొత్తగా, మొదటి నెలలో కొంచెం ఊపిరాడనట్టుగా అనిపించింది.

దానికంటే ఎక్కువగా అలవాటు పడవలసింది ఇంకొకటి ఉంది. అక్కడ మీరు బడి గంటల్లోనే కాదు, రోజంతా టీచరే. సాయంత్రం కొట్టుకు వెళ్లి నేను మూడు నూడుల్స్ పొట్లాలు కొంటే, మర్నాడు క్లాసులో "మిస్, నిన్న మీరు అన్నం వండుకోలేదా?" అని ఒక పిల్లవాడు ఎంతో ఆప్యాయంగా అడిగాడు. ఇనుప చట్రానికి తాళ్ల వల అల్లిన జోలి అనే కుర్చీలు ప్రతి వీధి మలుపులోనూ ఉంటాయి, సాయంత్రం పెద్దవాళ్లందరూ వాటిలో కూర్చుని ఉంటారు, మీరు ఎటు వెళ్తున్నారో, ఎవరితో మాట్లాడారో, దగ్గుతున్నారో లేదో అందరికీ తెలుస్తుంది. ఒంటరిగా ఉండే ఆడవారికి ఇది రక్షణ అని నేను అనుభవం మీద చెప్పగలను. అర్ధరాత్రి కరెంటు పోయినా నేను భయపడింది లేదు. కానీ నగరంలో ఎవరికీ తెలియకుండా బతకడానికి అలవాటు పడిన మనిషికి అదే చూపు ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. నాతోపాటు చేరిన ఒకావిడ నాలుగో నెలలోనే తిరిగి వెళ్లిపోయారు, ఆవిడను నేను తప్పుపట్టను.

ఇక బోధన గురించి. ఆ దేశపు భాష ధివేహి, ఇస్లాం తప్ప మిగతా పాఠాలన్నీ ఇంగ్లీషులోనే జరుగుతాయి, పదో తరగతి పిల్లలు కేంబ్రిడ్జి పరీక్షలకు కూర్చుంటారు. నా తొమ్మిదో తరగతిలో పదకొండు మందే పిల్లలు. మన దగ్గర అరవై మందికి పాఠం చెప్పి వెళ్లినవారికి ఇది మొదట స్వర్గంలా కనిపిస్తుంది. కానీ పదకొండు మంది ముందు దాక్కోవడానికి చోటు ఉండదు, ఎవరికి అర్థం కాలేదో వెంటనే ముఖంలో తెలిసిపోతుంది, ఆ పిల్లవాడి తల్లి సాయంత్రం మీ గుమ్మంలోనే కనిపిస్తుంది.

నాకు బాగా గుర్తున్న ఇబ్బంది వాలు పాఠంలో వచ్చింది. పాఠ్యపుస్తకంలో కొండదారి బొమ్మ వేసి దాని వాలు కనుక్కోమన్నారు. ఆ దేశం మొత్తంలో సహజంగా ఏర్పడిన నేల ఎత్తు ఎక్కడా రెండున్నర మీటర్లు కూడా ఉండదు. నా పిల్లల్లో కొండను కళ్లారా చూసినవాడు ఒక్కడే, వాడు కూడా వైద్యం కోసం తిరువనంతపురం వెళ్లినప్పుడు కారు కిటికీలోంచి చూశాడట. రెండు రోజులు బోర్డు మీద గీతలు గీసి విసిగిపోయి, మూడో రోజు అందరినీ రేవుకు తీసుకెళ్లాను. ధోనీ పడవకు, రేవు గట్టుకు మధ్య సామాను దించడానికి ఒక బల్ల వేస్తారు. సముద్రం పోటుమీద ఉన్నప్పుడు ఆ బల్ల దాదాపు అడ్డంగా ఉంటుంది, పాటు వేళకు పడవ కిందికి దిగి బల్ల ఏటవాలు అవుతుంది. టేపు పట్టి ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి రాసుకున్నారు. బల్ల పొడవు మారకుండా వాలు ఎందుకు మారిందని అడిగితే, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక జాలరి కొడుకు, బియ్యం బస్తా మోసేవాడికి ఏ వేళ నడుము నొప్పి ఎక్కువో చెప్పి, అక్కణ్ణుంచి లెక్క తానే చేశాడు. రైళ్లు ఎదురెదురుగా వచ్చే లెక్కల్ని కూడా ఆ తరువాత నేను పడవల లెక్కలుగా మార్చేశాను.

వారి లిపి గురించి కూడా లెక్కల టీచరుగా మీకు ఆసక్తి కలగవచ్చు. ధివేహిని రాసే థానా లిపి కుడి నుంచి ఎడమకు సాగుతుంది, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి రాస్తారు. ఆ లిపిలో మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెలైన ఒకటి నుంచి తొమ్మిది వరకు గుర్తుల నుంచి పుట్టాయి. మా బడిలో ధివేహి చెప్పే మాస్టారు సుద్దముక్కతో అంకె పక్కన అక్షరం రాసి చూపించినప్పుడు, ఒక భాష తన అక్షరమాలను అంకెలతో మొదలుపెట్టిందన్న సంగతి నన్ను చాలా రోజులు వదలలేదు. మాట్లాడే భాష సింహళానికి దగ్గరి చుట్టం, లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో మాట్లాడేది కూడా దానిలో ఒక రూపమే. హిందీ కొంచెం వస్తే అంకెలు త్వరగా పట్టుబడతాయి గానీ, నాలుగును "హతరె" అని, ఏడును "హతె" అని అంటారు. నాలుగు గుడ్లు అడిగి ఏడు తెచ్చుకున్న రోజులు నాకు ఉన్నాయి, వేళ్లు చూపించడమే మేలు.

అక్కడ నన్ను అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచిన వ్యక్తి బడికి ఎదురింటి ముసలి జాలరి. మే నెల చివరిలో ఒక సాయంత్రం ఆకాశం చూసి, "రోను వచ్చింది, ఇక పడవలు జాగ్రత్త" అన్నాడు. ఏమిటా రోను అని అడిగితే, ఏడాదిని పదమూడు పద్నాలుగు రోజుల చొప్పున ఇరవై ఏడు భాగాలు చేసే తమ నకై లెక్కను వరుసగా అప్పజెప్పాడు: అస్సిద, బురును, కెతి, రోను, మియహెలియ, అద, ఫునోస్, ఫుస్. నాలుగో పేరు దగ్గరే నాకు అర్థమైంది. ఇవి అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి. మా తాతయ్య నారుమళ్లు పోసేటప్పుడు చెప్పే కార్తెలే, తేదీలు కూడా మన కార్తెలకు నాలుగైదు రోజులే తేడా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం చెప్పుకునే రోజుల్లో అక్కడ హులంగు అనే నైరుతి ఋతుపవనం నడుస్తూ కుండపోత వానలు పడుతుంటాయి. ఆ ముసలాయనతో నా స్నేహం ఆ సాయంత్రమే మొదలైంది.

పడవలు జాగ్రత్త అన్న ఆయన మాటను మీరు చాలా గట్టిగా పట్టించుకోవాలి, ఎందుకంటే మీ నిర్ణయంలో అసలు తూచవలసింది ఇదే. మే నుంచి నవంబరు వరకు సముద్రం ఎప్పుడు తిరగబడుతుందో తెలియదు. నేను ఉన్న రోజుల్లో శుక్రవారం ప్రభుత్వ ఫెర్రీలు నడిచేవి కావు, మిగతా రోజుల్లో గాలి హెచ్చరిక వస్తే అన్నీ రద్దయ్యేవి. 2017 జూన్‌లో మా నాన్నగారిని కాకినాడలో ఆసుపత్రిలో చేర్చారని ఫోను వచ్చింది. హనీమాధూ విమానాశ్రయం మా దీవికి స్పీడుబోటులో గంట లోపు దూరం. ఆ గంట కోసం నేను సర్దిన సంచి పక్కన పెట్టుకుని రెండు రోజులు రేవు దగ్గరి షెడ్డులో కూర్చున్నాను. మూడో రోజు గాలి తగ్గింది, నాలుగో రోజు రాత్రికి ఇల్లు చేరాను. నాన్నగారు కోలుకున్నారు, కానీ ఆ రెండు రోజుల్ని నేను మరిచిపోలేను. ఇంటి దగ్గర వయసు మీదపడిన తల్లిదండ్రులు ఉండి, చూసుకోవడానికి మరో తోడు లేకపోతే, ఈ ఉద్యోగం గురించి మళ్లీ ఆలోచించండి. పాప విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. దీవిలో ఆరోగ్య కేంద్రం ఉంటుంది, జ్వరాలకు, దెబ్బలకు అది చాలు, కానీ పెద్ద అవసరం వస్తే కుళుధుఫుషిలోని ఆసుపత్రికి పడవ మీదే వెళ్లాలి.

పాప చదువుకు పెద్ద చిక్కు ఉండదని నా అంచనా. నాతో పనిచేసిన తమిళ దంపతుల కొడుకు అదే బడిలో చదివి, ఏడాది తిరిగేసరికి మాకందరికీ ధివేహి దుబాసీ అయ్యాడు. అయితే పాప వీసా, బడి ప్రవేశం గురించి ఒప్పందం మీద సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. నన్ను పంపిన ఏజెంటు విడిగా ఇల్లు ఇస్తారని నోటిమాటగా చెప్పాడు, తీరా వెళ్లాక ఒక కుటుంబం ఇంట్లో ఒక గది, ఇద్దరికి ఒకే స్నానాలగది దొరికాయి. ఆ ఇంటివాళ్లు దేవుళ్లలాంటి మనుషులు కావడం నా అదృష్టం.

జీతం రుఫియాల్లో ఇస్తారు. అధికారిక మారకం 2011 నుంచి డాలరుకు 15.42 రుఫియాలకు మించకుండా కట్టడి చేశారు, కానీ ఆ ధరకు డాలర్లు దొరకడమే కష్టం, బయట ధర వేరు. బ్యాంకులు నెలకు ఇంత మాత్రమే పంపవచ్చని పరిమితులు పెడుతుంటాయి, అవి మారుతుంటాయి కూడా. అందువల్ల జీతం మొత్తాన్ని నేరుగా రూపాయల్లోకి మార్చుకుని ఇంటి రుణం వాయిదాలు లెక్క వేసుకోకండి, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్నవారిని అడిగి నెలకు ఎంత పంపగలుగుతున్నారో తెలుసుకోండి.

మీరు శాకాహారులమని రాశారు కాబట్టి తిండి గురించి కొంచెం చెబుతాను. అక్కడ ఉదయం పలహారం కూడా చేపతోనే. కొబ్బరి తురుము, పొగపెట్టిన సూర చేప, ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మరసం కలిపి చేతితో పిసికిన మస్ హునిని రోషి అనే పలచటి రొట్టెతో తింటారు. కూరగాయలు రాజధాని మాలే నుంచి వారానికో సరుకు పడవలో వస్తాయి, వాన ఎక్కువైతే రావు. కానీ ప్రతి పెరట్లోనూ మునగచెట్టు, కరివేపాకు ఉంటాయి. మునగాకును వాళ్లు కూడా కోసి వండుకుంటారు, అడిగితే కొమ్మలకు కొమ్మలు ఇస్తారు. కందిపప్పు మాత్రం మీతో ఉంటే మునగాకు పప్పుతో ఎన్ని వారాలైనా గడిచిపోతాయి.

దేశానికి తీసుకెళ్లకూడని వాటిలో మద్యం, పంది మాంసంతోపాటు పూజకు వాడే విగ్రహాలు కూడా ఉన్నాయి, కస్టమ్స్‌లో ఇబ్బంది పడకుండా వాటిని ఇంటి దగ్గరే ఉంచండి. బహిరంగంగా పూజలు, పండుగలు కుదరవు. నేను నాలుగేళ్లు ఉదయం లేవగానే కళ్లు మూసుకుని దండం పెట్టుకోవడంతో సరిపెట్టుకున్నాను, నాకు అది లోటుగా అనిపించలేదు గానీ మీ అమ్మగారికి అనిపించవచ్చు. రంజాన్ నెలలో పగలు వీధిలో నీళ్లు కూడా తాగకండి. సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం ఉదయం బడి ఉంటుందన్న సంగతి ఇంట్లోవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు, ఆదివారమే ఫోన్లు చేస్తారు.

సామానులో ప్రెషర్ కుక్కర్ తప్పక పెట్టుకోండి, దానికి సరిపోయే గాస్కెట్లు రెండు అదనంగా కొనండి. నాది రెండో నెలలో సాగిపోతే, మా దీవిలో ఆ కొలత దొరకక, మాలేకి వెళ్లే ప్రతివాడికీ పాత గాస్కెట్టు నమూనా ఇచ్చి పంపి, కొత్తది చేతికి రావడానికి ఆరు వారాలు పట్టింది.