బ్లాక్ హోల్‌లో పడే గ్యాస్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేం కొత్తపేటలో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఎంసెట్ రాసి కంప్యూటర్ సైన్స్‌లో చేరుతుందనుకున్నాం. ఇప్పుడేమో ఆస్ట్రోఫిజిక్స్ అంటోంది. బ్లాక్ హోల్‌లోకి గ్యాస్ ఎలా పడుతుందో కనుక్కుంటుందట. పడే గ్యాస్ పడుతుంది, అందులో కనుక్కోవడానికి ఏముందండీ? దానికి ఉద్యోగం ఎవరిస్తారు? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగం సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ గ్యాస్ సంగతి చూద్దాం. మీ అమ్మాయి అడుగుతున్నది ఏమిటో తెలిస్తే మీ టెన్షన్‌లో సగం పోతుంది.

గ్యాస్ అంత తేలిగ్గా పడదండీ. ఎక్కడో దూరం నుంచి వచ్చే గ్యాస్ కాస్త పక్కవాటుగా కదులుతూ వస్తుంది. దగ్గరికి వచ్చేకొద్దీ వేగం పెరిగి, భూమి సూర్యుడి చుట్టూ తిరిగినట్టే బ్లాక్ హోల్ చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది. లోపల పడాలంటే తన కోణీయ ద్రవ్యవేగాన్ని, అంటే తిరుగుడు జోరును, ఎవరికో ఒకరికి వదిలించుకోవాలి. మామూలు రాపిడి అందుకు ఏమాత్రం చాలదు. 1973లో షకూరా, సున్యాయెవ్ అనే శాస్త్రవేత్తలు ఆ రాపిడి ఎక్కడి నుంచి వస్తుందో తేల్చకుండానే దానికి ఆల్ఫా అని ఒక సంఖ్య పెట్టేసి లెక్కలు చేశారు. ఆ లెక్కలు ఇప్పటికీ వాడుతున్నారు. అసలు కారణం అయస్కాంత క్షేత్రమని 1991లో బాల్బస్, హాలీ చూపించారు. దానికి కావలసిన గణితం చాలా ముందే, 1959లో వెలిఖోవ్, 1960లో మన చంద్రశేఖర్ చేసి పెట్టారు. ఇలా తిరిగే గ్యాస్ పళ్లేలకు, అంటే డిస్కులకు, అది ఎంత ముఖ్యమో గుర్తించడానికి 30 ఏళ్లు పట్టింది.

పక్కపక్కనే తిరిగే రెండు గ్యాస్ ముద్దలను అయస్కాంత రేఖ రబ్బరు బ్యాండులా కలిపి పట్టుకుంటుంది. లోపలిది వేగంగా తిరుగుతుంది కాబట్టి ముందుకు పోతుంది, రబ్బరు దాన్ని వెనక్కి లాగుతుంది. ద్రవ్యవేగం పోగొట్టుకుని అది ఇంకా లోపలికి జారుతుంది, బయటిది ఆ ద్రవ్యవేగం అందుకుని ఇంకా బయటికి జరుగుతుంది. క్షేత్రం బలహీనంగా ఉన్నా సరే, గ్యాస్ అంతా కల్లోలమైపోతుంది.

ఇంత జరిగితే వేడి పుట్టక మానదు. ఆ వేడి ఎటు పోతుందన్నదే రెండో సగం కథ. గ్యాస్ చిక్కగా ఉంటే వేడి కాంతిగా బయటికి వెళ్లిపోతుంది, గ్యాస్ చల్లబడి సన్నటి పళ్లెంలా పరుచుకుంటుంది. గెలాక్సీల మధ్యలో విపరీతంగా వెలిగే క్వేజార్ల వెలుగు అలాంటిదే. హైడ్రోజన్ హీలియంగా మారితే ద్రవ్యరాశిలో 0.7 శాతం శక్తిగా వస్తుంది. ఇక్కడ అది సుమారు 6 శాతం, బ్లాక్ హోల్ బాగా వేగంగా తిరుగుతుంటే 40 శాతం దాకా రావచ్చు. గ్యాస్ పల్చగా ఉంటే మాత్రం వేడి ఎక్కువగా అయాన్లలోనే, అంటే ఎలక్ట్రాన్లు ఊడిపోయిన పరమాణువుల్లోనే, చిక్కుకుపోతుంది. కాంతిని వెదజల్లే ఎలక్ట్రాన్లకు అది అందదు. చల్లబడలేని గ్యాస్ ఉబ్బిపోయి, ఆ వేడితో సహా బ్లాక్ హోల్‌లో పడిపోతుంది. మన గెలాక్సీ మధ్యలో దాదాపు 40 లక్షల సూర్యుళ్లంత బరువున్న బ్లాక్ హోల్ అంత మసకగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. ఈ లెక్కను 1994లో గట్టిగా నిలబెట్టిన ఇద్దరిలో ఒకరు, మద్రాస్ యూనివర్సిటీలో బీఎస్సీ చదివిన రమేశ్ నారాయణ్.

ఉబ్బిన గ్యాస్ తనతోపాటు అయస్కాంత క్షేత్రాన్ని కూడా లోపలికి ఈడ్చుకుపోతుంది. చివరికి అది ఎంత పేరుకుంటుందంటే, వచ్చే గ్యాస్‌నే అడ్డుకుంటుంది. ఎం87 గెలాక్సీ బ్లాక్ హోల్‌కు 2021లో విడుదలైన పోలరైజ్డ్ చిత్రం (కాంతి తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయో చూపేది) ఇలాంటి స్థితినే సూచించింది. సన్నటి, చల్లటి డిస్కు అంత క్షేత్రాన్ని లాక్కురాగలదా అన్నది ఇంకా తేలలేదు. కాంతిని, అయస్కాంతాన్ని, గ్యాస్‌ను కలిపి లెక్కించాలంటే సూపర్ కంప్యూటర్లు కావాలి. అంటే మీ అమ్మాయికి చెయ్యడానికి బోలెడు పని మిగిలే ఉంది.

ఆ పని ఎలాంటిదో కూడా తెలియాలి. రాత్రంతా టెలిస్కోపు ముందు కూర్చోవడం కాదు. నెలల తరబడి కోడ్ రాయడం, అది ఎందుకు తప్పు జవాబిస్తుందో వెతకడం. అందుకే ఆమెకు ఒక చిన్న పరీక్ష పెట్టమంటాను. పైథాన్‌లో సూర్యుడి చుట్టూ భూమి తిరిగే ప్రోగ్రాం సొంతంగా, అతి సులువైన ఆయిలర్ పద్ధతిలో రాయమనండి. భూమి కక్ష్యలో నిలవకుండా మెల్లగా బయటికి జారిపోతుంది. తప్పు ఫిజిక్స్‌లో ఉందా, లెక్కించే తీరులో ఉందా అని అన్నం కూడా మరిచిపోయి తవ్వుతుంటే, ఈ దారికి ఆమె పనికొస్తుంది. విసుగొచ్చి వదిలేస్తే ఆమెకు నచ్చింది బ్లాక్ హోల్ ఫొటో మాత్రమే. అదీ మంచిదే, దాని కోసం డిగ్రీ అక్కర్లేదు.

చదువుకోవడానికి ఊరు దాటాల్సిన పని కూడా లేకపోవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది. కందిలోని ఐఐటీలో ఇంజనీరింగ్ ఫిజిక్స్ ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటింగ్‌నూ సైన్స్‌నూ కలిపిన డ్యూయల్ డిగ్రీ ఉంది. ఈ పనికి అది బాగా సరిపోతుందని నా అభిప్రాయం. ఉస్మానియాలో ఆస్ట్రానమీ విభాగం ఎప్పటి నుంచో ఉంది. బయటికి పంపగలిగితే సైన్స్ చదువుకే పెట్టిన తిరుపతి ఐజర్, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్టీ చూడండి. బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ నీడలో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు దేశంలోనే పేరున్న ఖగోళ శాస్త్రవేత్త అయ్యారని కూడా ఇంట్లో చెప్పండి. పెద్దవాళ్లకు ఇలాంటివి పనికొస్తాయి.

ఇక డబ్బు. సైన్స్ డిగ్రీలో చేరి, ఇంటర్ మార్కుల్లో బోర్డు టాప్ ఒక శాతంలో ఉంటే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80,000 రూపాయలు వస్తాయి. ఇంజనీరింగ్‌కు ఇది రాదు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చిన పక్కింటి అబ్బాయితో పోల్చకండి, ముప్పై ఏళ్లు దాటేదాకా ఆ పోలికలో మీ అమ్మాయి ఓడిపోతూనే ఉంటుంది. ప్రొఫెసర్ పోస్టులు నిజంగానే తక్కువ. కాకపోతే ప్రవాహాల సమీకరణాలను పెద్ద కంప్యూటర్ల మీద నడపగలిగినవాళ్లు ఒక్క బ్లాక్ హోల్స్‌కే కాదు, వాతావరణ అంచనాలకు, ఫ్యూజన్ ప్లాస్మాకు కూడా కావాలి. మన ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సముద్రం మీద చేసే మోడలింగ్ పనికీ దీనికీ చుట్టరికం ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల తలుపులు కూడా మూసుకుపోవు.

ఎంసెట్ మాన్పించకండి, రాయనివ్వండి. చివరికి కంప్యూటర్ సైన్స్ సీటే వచ్చినా, ఫిజిక్స్ పక్కన చదువుకుంటూ పోతే పీహెచ్‌డీకి బీటెక్ వాళ్లను తీసుకునే సంస్థలు ఉన్నాయి. పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా అలాంటిదే. అయితే క్వాంటం మెకానిక్స్ లాంటివి సొంతంగా పట్టుకోవాలి, అది కష్టమే. ఐజర్‌కు ఐఏటీ, సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ విడిగా రాయాలి. ఇంటర్ పరీక్షల హడావిడిలో ఈ ఫారాల తేదీలు చాలామంది వదిలేసుకుంటారు, ఆ పని మీరే చూసుకోండి.